ఎడమకాలి టోర్నమెంట్ పెట్టిన మాస్టర్: సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్

కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు ఎడమకాలితోనే బంతి తన్నాలి. ఎడమకాలి వాటం వాడైతే కుడికాలితోనే. అలవాటున్న కాలు ఆ రోజుకు సెలవు తీసుకున్నట్టే. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇలాంటి రూలుతో ఫుట్‌బాల్ టోర్నమెంట్లు నిజంగానే జరిగాయి. చూసేవాళ్లకు నవ్వు వచ్చి ఉంటుంది. మంచి ప్లేయర్లు అనిపించుకున్నవాళ్లు కూడా ఆ రోజు బంతిని ఎటో తన్నేసి ఉంటారు. కానీ ఆ నవ్వులాట పెట్టిన మనిషి అంతా లెక్క ప్రకారమే చేశారు. వృత్తికి ఆయన బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదీలకు రహీం సాబ్.

2024లో మైదాన్ సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ ఇంటింటికీ చేరింది. సినిమాలో కప్పులు, పతకాలు కనిపిస్తాయి. అవి ఎక్కడ తయారయ్యాయో తెలియాలంటే మాత్రం స్కూలు గ్రౌండ్ల దగ్గరికి, గల్లీ పిల్లల దగ్గరికి వెళ్లాలి.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పడానికి 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. అక్కడి జట్టుకు ఆడారు. ఉస్మానియా పాత, కొత్త విద్యార్థులు కలిసి కట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టు ఒకటి ఉండేది. స్థానిక లీగ్‌లో మంచి పేరున్న ఖమర్ క్లబ్ తరఫున కూడా ఆయన ఆడారు. బీఏ అయ్యాక టీచర్ ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా ఆయన పాఠం చెప్పిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆ తర్వాత పిల్లల ఆటల బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది.

ఆటగాడిగా మాత్రం ఆయన పేరు ఊరు దాటలేదు. పెద్ద ప్లేయర్‌గా వెలిగినవాళ్లలో చాలామందికి తమకు వచ్చింది ఎదుటివాడికి ఎందుకు రాదో అర్థం కాదు. బడిపంతులికి ఆ ఇబ్బంది లేదు. రాని పిల్లవాడితోనే ఆయనకు రోజూ పని. ఒక పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వంద సార్లు చేయించి, చివరికి అన్నీ కలిపి అప్పజెప్పించడం టీచర్ల పద్ధతి. రహీం సాబ్ దాన్నే ఫుట్‌బాల్‌లోకి తీసుకువచ్చారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చనిపోయేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆ కుర్చీ ఉంది కాబట్టే టోర్నమెంట్ల రూల్స్ తనకు కావలసినట్టు రాయగలిగారు.

అప్పట్లో మన దేశంలో గొప్ప ఫార్వర్డ్ అంటే ఎవరు? బంతి కాళ్లకు అంటుకున్నట్టు నలుగురిని దాటుకుంటూ పోయేవాడు. జనం చప్పట్లు కొట్టేది వాడికే. నాలుగోవాడిని దాటాక ఐదోవాడు బంతి లాక్కుంటే దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. రహీం సాబ్‌కు ఈ లెక్క నచ్చలేదు. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి కంటే వేగంగా పోలేడు. అలాంటప్పుడు బంతిని పరుగెత్తించక మనిషి మోసుకుపోవడం ఎందుకు?

దీనికి ఆయన ఉపన్యాసాలు ఇస్తూ కూర్చోలేదు. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్ పెట్టారు. బంతి వచ్చిందా, ఇచ్చేయాలి. దాటుకుంటూ పోవడం కుదరదు. వినడానికి చిన్న మార్పే, కానీ మైదానంలో అంతా తలకిందులవుతుంది. బంతి కాలికి తగిలాక ఎవరికి ఇవ్వాలా అని వెతుక్కునే టైం ఉండదు కాబట్టి, అది రాకముందే తల ఎత్తి చుట్టూ చూసుకోవాలి. ఇక బంతి లేనివాళ్ల సంగతి. వాళ్లు నిలబడి తమాషా చూస్తే బంతి ఉన్నవాడికి దారి దొరకదు. అందుకే ఒకడు ముందుకు, ఒకడు పక్కకు పరుగెత్తుతూ మనవాడికి రెండు మూడు దారులు చూపించాలి. అంటే ఈ ఆట శిక్షణ ఇచ్చేది బంతి పట్టుకున్న ఒక్కడికి కాదు, బంతి లేని పది మందికి. అటాకింగ్ అనగానే షూటింగ్ ప్రాక్టీస్ మాత్రమే గుర్తొచ్చే కోచ్‌లు ఈ రోజుకీ ఉన్నారు. గోల్ ముందు ఖాళీ ఎలా పుడుతుందో నేర్పకపోతే ఆ షూటింగ్ కొట్టే అవకాశమే రాదు కదా.

ఎడమకాలి టోర్నమెంట్ వెనక కూడా ఇలాంటి లెక్కే ఉంది. ఎడమ వైపు నుంచి దూసుకొచ్చిన కుర్రాడికి కుడికాలు ఒక్కటే వస్తే, బంతిని లోపలికి కొట్టాలంటే ముందు ఒళ్లంతా తిప్పుకోవాలి. ఆ తిప్పుకునే ఒక్క క్షణం చాలు, డిఫెండర్ వచ్చి మీద పడతాడు. పైగా వాడు ఎటు తిరుగుతాడో డిఫెండర్‌కు ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ వచ్చినవాడి సంగతి వేరు. వాడు ఎటు పోతాడో ఊహించడం కష్టం. చేతకాని కాలితో ప్రాక్టీస్ చేయమని చెబితే ఏ పిల్లవాడూ చేయడు, సిగ్గుపడతాడు. అదే టోర్నమెంట్‌లో అందరూ చేతకాని కాలితోనే ఆడుతుంటే సిగ్గు ఎక్కడిది? ఇంత చిన్న సంగతి పిల్లలతో రోజూ మెలిగిన మనిషికే తడుతుంది.

మూడోది, ఎత్తు పరిమితి పెట్టి ఐదుగురేసి ఆడే పోటీలు. ఒక కొలత దాటిన పిల్లవాడికి అందులో చోటు లేదు. పదకొండు మంది ఆటలో పొడుగ్గా, బలంగా ఉన్న ఇద్దరు ముగ్గురే బంతిని పంచుకుంటారు, చిన్నవాళ్లు లైన్ పక్కన నిలబడి పోతారు. ఐదుగురి ఆటలో దాక్కోవడానికి చోటుండదు. ప్రతివాడి కాలికీ బంతి పదే పదే తగులుతుంది. మైదానం చిన్నది, గోల్ దగ్గర, చుట్టూ కాళ్లు. నిర్ణయం తొందరగా తీసుకోవాలి. తల్లిదండ్రులు తమ పిల్లవాడు పొట్టిగా ఉన్నాడని బెంగపడే ఇళ్లలో ఈ సంగతి చెప్పుకోవాలి.

ఇన్నిటి సారం వన్ టచ్ ఆట. బంతి వచ్చీ రాగానే ఒకే తాకుడుతో తోటివాడికి చేరాలి. రహీం సాబ్ జట్లకు గుర్తింపు అదే.

పిల్లలతో చేసిన ఈ పని పెద్దవాళ్ల జట్టులో ఎలా పండిందో చూడాలంటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చూడాలి. 1950 నుంచి 1963 వరకు దాని కోచ్, మేనేజర్ ఆయనే. అప్పటికి రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలిసి రెండేళ్లు. పాత కొలువులు పోయిన ఇళ్లు నగరంలో చాలా ఉన్నాయి. బంతి ఆడే కుర్రాడికి పోలీసు ఉద్యోగం దొరికిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగినట్టే. అలాంటి జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ తర్వాత కూడా డ్యూరాండ్ మళ్లీ మళ్లీ హైదరాబాద్‌కు వచ్చింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు ఈ నేల మీద నుంచే ఒలింపిక్స్ దాకా వెళ్లారు. సంతోష్ ట్రోఫీ కూడా రహీం సాబ్ శిక్షణలో రెండేళ్లు వరుసగా, 1956-57లో, 1957-58లో హైదరాబాద్‌దే. రెండు సార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయి.

ఆ జట్టులోకి బలరాం వచ్చిన కథ తెలుసుకోవాలి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పిల్లవాడు. బీద ఇల్లు. అతని ఆట రహీం సాబ్ కంట్లో పడింది. ట్రయల్స్‌కు, ప్రాక్టీస్‌కు హైదరాబాద్ రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ వచ్చిపోవడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. సంగతి తెలిసి రహీం సాబ్ అద్దె సైకిల్‌కు డబ్బులు తనే ఇచ్చారు. ఆ సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన కుర్రాడు అదే 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. పాసింగ్, డ్రిబ్లింగ్, షూటింగ్ మూడూ సమంగా వచ్చిన అలాంటి ఫార్వర్డ్ మన దేశంలో మళ్లీ పుట్టలేదనే పాతవాళ్లు చాలామంది.

దేశ జట్టు పగ్గాలు రహీం సాబ్ చేతికి వచ్చింది 1950లో. మరుసటి ఏడాది ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్ మీద సాహూ మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో బంగారు పతకం వచ్చింది. అంతా బాగుందనుకున్నారు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ భ్రమ పోయింది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా, చలిలో, ఒట్టి కాళ్లతో ఆడారు. పైగా ఇక్కడ మ్యాచులు డెబ్బై నిమిషాలే ఉండేవి. అక్కడ తొంభై.

పది గోల్స్ తిన్న కోచ్‌కు రెండు దారులుంటాయి. అదృష్టం బాగాలేదని చెప్పుకోవడం, లేదా తన పాఠాన్ని తానే దిద్దుకోవడం. ఆ ఓటమి తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. మరుసటి ఏడాది, 1953లో, హంగేరీ జట్టు ఇంగ్లండ్‌ను వాళ్ల వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించి ఫుట్‌బాల్ లోకాన్ని నివ్వెరపరిచింది. దాని కిటుకు సెంటర్ ఫార్వర్డ్ హిడెకుటీ గోల్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడటం. అతన్ని కాపలా కాసే డిఫెండర్‌కు చిక్కు వచ్చిపడింది. వెంట వెళితే వెనక ఖాళీ, వెళ్లకపోతే వాడికి స్వేచ్ఛ. ఆ ఖాళీలోకి పక్కనున్న ఫార్వర్డ్‌లు దూసుకుపోతారు. రహీం సాబ్ ఈ పద్ధతిని మన కుర్రాళ్లకు తగ్గట్టు మలిచారు. డ్రిబ్లింగ్ లేని ఆట నేర్చినవాళ్లకు ఇది కొత్త పాఠమేమీ కాదు. బంతి లేకుండా పరుగెత్తడం వాళ్లకు అప్పటికే వచ్చు.

మెల్బోర్న్‌లో ఫలితం కనిపించింది. 1956 డిసెంబర్ 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. నాలుగో గోల్ కిట్టూది. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ల కింద పది గోల్స్ కొట్టినవాళ్ల మీద ఈసారి మొదటి గోల్ మనదే, అదీ నెవిల్ కాలి నుంచే. ఆ తర్వాత నిలవలేక 4-1తో ఓడారు. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. అంతకు ముందు ఏ ఆసియా జట్టూ అంత దూరం పోలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గ్రూపు కఠినమైనది. హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. హంగేరీతో 2-1 ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 సమం, పెరూతో 3-1 ఓటమి. హంగేరీ మీదా పెరూ మీదా గోల్స్ బలరాం కొట్టాడు, ఫ్రాన్స్ మీద కెప్టెన్ పీకే బెనర్జీ. ఆ జట్టులో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచుల్లో ఒక్కదానిలోనూ తండ్రి కొడుకును ఆడించలేదు. ఇంట్లో ఆ సంగతి మీద ఏం మాటలు నడిచాయో గానీ, జట్టులో మాత్రం ఎవరూ వేలెత్తి చూపే అవకాశం లేకుండా పోయింది.

జకార్తా ఆసియా క్రీడలు 1962లో. అప్పటికే ఆయన ఊపిరితిత్తులకు క్యాన్సర్ పట్టింది. దగ్గు, ఆయాసం. అయినా జట్టు వెంట వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు గానీ, అదే మ్యాచ్‌లో డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0 గెలుపు అతను లేకుండానే వచ్చింది.

సెమీఫైనల్‌కు జర్నైల్ కావాలి. కానీ కుట్లున్న తలతో వెనక నిలబడి, ఎత్తు బంతులన్నీ తలతో కొడుతూ ఎలా కాపాడతాడు? ఇక్కడే రహీం సాబ్ పాత జ్ఞాపకం పనిచేసింది. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడు. అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. అందరూ ఆశ్చర్యపోయారు. దక్షిణ వియత్నాంతో సెమీస్ 3-2తో గెలిచారు. జర్నైల్ ఒక గోల్ కొట్టాడు, మిగతా రెండు కెప్టెన్ చునీ గోస్వామివి.

ఫైనల్ నాటికి ఊరంతా మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి జీ.డీ. సోంధీ తప్పుపట్టారు. దానితో జకార్తాలో జనం భగ్గుమన్నారు. మన ఆటగాళ్లు బస్సులో తలలు వంచుకుని, కింద కూర్చుని స్టేడియం చేరిన రోజులవి. ఫైనల్ ముందు రాత్రి కుర్రాళ్లకు నిద్ర పట్టలేదు. రహీం సాబ్‌కూ పట్టలేదు. తనకు రేపు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమని ఆయన వాళ్లను అడిగినట్టు ఆ జట్టువాళ్లు తర్వాత ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఆ మనిషి ఆరోగ్యం వాళ్లకు తెలుసు. ఆ అడగడంలోని బరువూ తెలుసు.

సెప్టెంబర్ 4, 1962. సెనాయన్ స్టేడియంలో లక్షమంది. మళ్లీ దక్షిణ కొరియాయే. గోల్‌కీపర్‌గా ఈసారి పీటర్ తంగరాజ్‌ను దించారు. అతనూ హైదరాబాద్‌వాడే, ఆరడుగులు దాటిన మనిషి. కొరియా వాళ్ల ఎత్తు బంతులకు ఆ చేతులు కావాలి. బలరాం, యూసుఫ్ ఖాన్ కూడా మనవాళ్లే. పదకొండు మందిలో ముగ్గురు జంట నగరాల కుర్రాళ్లు. స్టేడియంలో మన కోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ గోల్. మూడు నిమిషాల్లో జర్నైల్ గోల్. కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది గానీ అప్పటికే ఆలస్యమైంది. 2-1.

తొమ్మిది నెలలు దాటిన కొద్ది రోజులకే, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు యాభై మూడు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు.

ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. ఆసియా క్రీడల్లో బంగారమూ రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాద్‌వాడైన సయ్యద్ నయీముద్దీన్. అదే జట్టులో మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నాడు. ఊరి పాఠం ఇంకా కొంతకాలం నడిచిందన్నమాట. తర్వాత కుర్రాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు, ఇక్కడి గ్రౌండ్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఎడమకాలి టోర్నమెంట్లు ఎప్పుడు ఆగిపోయాయో కూడా ఎవరూ పట్టించుకోలేదు.

రోమ్‌లో బెంచీ మీద కూర్చున్న కొడుకు హకీం వైమానిక దళంలో అధికారి అయ్యారు, అంతర్జాతీయ మ్యాచులకు రెఫరీగా విజిల్ ఊదారు, పిల్లలకు కోచింగ్ ఇచ్చారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో చనిపోయారు. సైకిల్ డబ్బులు తీసుకున్న అమ్ముగూడ కుర్రాడు బలరాం కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో ఎనభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.